పెట్టె మీద పేరు

ఎముకలు తీసేవాళ్ళు వచ్చారన్న కబురు పరాయి దేశంలో, ట్రకీ అనే కొండ ఊళ్ళో మనవాళ్ళ వీధికి చేరేసరికి ఫాంగ్ మూన్ బియ్యం కడుగుతున్నాడు. కబురు విని చేతిలో బియ్యం చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు. నీళ్ళు మోచేతి మీదుగా కారి చొక్కా అంతా తడిసింది. మూడేళ్ళుగా ఆ కబురు కోసమే ఎదురుచూస్తున్నాడు. ఆ కబురు రాకూడదని కూడా మూడేళ్ళుగా దండాలు పెడుతున్నాడు. మనిషన్నాక రెండూ ఉంటాయి, ఏం చేస్తాం!

పరాయి నేల మీద పోయినవాణ్ణి అక్కడే పూడ్చినా అది కొన్నాళ్ళకే. మట్టి తన పని తాను చేశాక ఎముకలు తీసి, తుడిచి, లెక్కపెట్టి, చెక్కపెట్టెలో సర్ది, ఓడ మీద సొంత ఊరికి చేర్చాలి. ఊళ్ళో అయినవాళ్ళు ఏటా వసంతంలో సమాధి ఊడ్చి, అన్నం పెట్టి, పేరు పెట్టి పిలవాలి. ఆ పిలుపు లేనివాడు ఆకలిదయ్యమై ఎక్కడ పోయాడో అక్కడే తిరుగుతుంటాడు. అందుకే రైలు పనికొచ్చిన ప్రతివాడూ ముందు మన ఊళ్ళవాళ్ళ సంఘంలో పేరు రాయించుకుని చీటీ తీసుకునేవాడు. నడిచి ఓడ ఎక్కినా, పెట్టెలో ఎక్కినా అదే చీటీ. ఒక పేరుకి ఒక్కటే తిరుగు ప్రయాణం. అది వాడుకోగానే సంఘం పుస్తకంలో ఆ పేరు కొట్టేస్తారు.

మూన్ చీటీ చొక్కా లోపలి జేబులో ఉంది. ఆ శరత్కాలంలో ఓడ ఎక్కాలని నిశ్చయించుకున్నాడు. యాభైకి దగ్గరపడ్డాడు. పెళ్ళాం ఎప్పుడో పోయింది. ఊళ్ళో ఉన్నది వదిన. అమ్మ పోయినప్పుడు మూన్‌కి ఆరేళ్ళు. అప్పుడే కాపురానికొచ్చిన వదిన వాణ్ణి చంకనేసుకుని పెంచింది. "ఈ ఏడు వస్తున్నాను" అని వసంతంలోనే ఉత్తరం రాయించాడు. ఆవిడ గోడకి సున్నం వేయించిందట, మంచం కూడా కొత్తది చేయించిందట.

ఎముకల పెద్ద పేరు లూయ్ పాక్. అరవై దాటిన బక్క మనిషి. నోట్లో ఎప్పుడూ ఉప్పులో ఊరిన అల్లం ముక్క, మాటల్లో ఎప్పుడూ వెటకారం. వీధి చివర కూర్చుని ఒక్కొక్క గ్యాంగు పేరూ చదివి, ఆ గ్యాంగు వాళ్ళెవరైనా మిగిలారా అని అడుగుతున్నాడు.

"హామ్ తక్ మేస్త్రి గ్యాంగు. శిఖరం సొరంగం పని. వంటవాడివి నువ్వేనటయ్యా?"

"నేనే."

"నీ వంట తిని ఎంతమంది పోయారు?"

"నా వంట తిని ఎవడూ పోలేదు. మందుగుండుకి ఇద్దరు, కొండ మీంచి జారి ఇద్దరు, మంచుకి ఒకడు."

"అయితే వంట మంచిదే. పద, చోటు చూపించు."

మరునాడు పొద్దున్నే రైలెక్కారు. లూయ్ పాక్, అతని మనుషులిద్దరు, మూన్, ఖాళీ పెట్టెలు. తాము తొలిచిన కొండలోంచి, తాము పోసిన కట్ట మీదుగా, తాము పరిచిన పట్టాల మీద బండి కూర్చోబెట్టి తీసుకెళుతుంటే మూన్‌కి నమ్మబుద్ధి కాలేదు. ఇక్కడ రోజుకి జానెడు కొండ తవ్వడం గగనమైన రోజులు తెలుసు. ఒకడు ఉక్కు కడ్డీ పట్టుకుని తిప్పుతుండాలి, ఇద్దరు సమ్మెటలతో కొడుతుండాలి. బొక్క పడ్డాక మందు కూరి, వత్తి అంటించి పరుగు. ముప్పై మంది అలా కొడుతుంటే, మూన్ మందుగుండు ఖాళీ పీపాలు రెండు కావడికి కట్టి, వాటినిండా వేడి టీ పోసుకుని రోజుకి ఆరుసార్లు కొండెక్కేవాడు. తనతో కలిపి ముప్పై ఒక్కమందిలో ఇప్పుడీ చుట్టుపక్కల ఉన్నది మూన్ ఒక్కడే. అయిదుగురు పోయారు, కొందరు ఊరికెళ్ళారు, మిగతావాళ్ళు మేస్త్రితో పాటు దక్షిణాన ఇంకేదో లైనుకి పోయారు.

నాలుగు సమాధులు మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. లూయ్ పాక్ చేతులు చకచకా నడిచాయి. ఎముకని సారాతో తుడిచి, గుడ్డ మీద తల నుంచి కాళ్ళ దాకా వరసగా పరిచి, గట్టిగా లెక్కపెట్టేవాడు. పక్కనే సీసా ఉండేది. ప్రతి శవం పక్కనా మనవాళ్ళు ఒక సీసా పెడతారు. లోపల గుడ్డ ముక్క మీద పేరు, ఊరు. దాన్ని చూసి పెట్టె మీద రాసుకుంటాడు. "లే నాయనా, నిద్ర చాలు, బండొచ్చింది," అని ప్రతివాడికీ చెప్పాడు. మూన్ నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. అయిదోది మిగిలింది కదా.

అయిదోది పట్టాలకి పైన, ఎర్రబెరడు చెట్టు పక్కన ఉంది. మూన్ తానే తవ్విన గొయ్యి. లూయ్ పాక్ అన్నీ తీసి పరిచి, చూసి మెచ్చుకున్నాడు.

"చిటికెన వేలి ఎముకతో సహా ఉన్నాయి. ఎవరో గానీ శ్రద్ధగా పూడ్చారు." సీసా పగలగొట్టి గుడ్డ విప్పాడు. "చుంగ్ యిన్." గుడ్డ తిప్పి వెనక కూడా చూశాడు. "ఊరేదయ్యా?"

మూన్ వంగి గొయ్యి అంచున మట్టి సర్దాడు.

"నిన్నే. పేరు రాసినవాడు ఊరు రాయడా? ఏ ఊరు వీడిది?"

ఆ ప్రశ్న వస్తుందని మూన్‌కి మూడేళ్ళుగా తెలుసు. రాత్రీ పగలూ దానికి జవాబు వెతికాడు. దొరకలేదు.

యిన్ గ్యాంగులోకి వచ్చినప్పుడు పాతికేళ్ళవాడు. కడ్డీ పట్టే పని. సమ్మెట తప్పితే చెయ్యి పోతుంది, అయినా వాడి చెయ్యి వణికేది కాదు. గుడిసెలో మూన్ పక్క చెక్క వాడిది. రెండు శీతాకాలాలు పక్కపక్కనే పడుకున్నారు. ముప్పై మంది గిన్నెలు నిండాయో లేదో చూసుకుంటారు గానీ వంటవాడి గిన్నె ఎవడు చూస్తాడు? యిన్ చూసేవాడు. "అన్నా, నువ్వు తిన్నావా?" అని రోజూ అడిగేవాడు. "నువ్వెవడివిరా, మా అమ్మవా?" అని మూన్ కసిరేవాడు. ఒక్కరోజు అడగడం మరిచిపోతే మాత్రం మొహం మాడ్చుకుని కూర్చునేవాడు. వంటవాళ్ళకి ఆ మాత్రం బెట్టు ఉంటుంది లెండి.

ఆ ఏడు మంచు ఇంతా అంతా కాదు. గుడిసెలు మునిగిపోయాయి. పొగగొట్టాలు మాత్రం పైకి కనపడేవి. గుడిసె నుంచి సొరంగానికి మంచులోనే దారి తవ్వుకుని, ఎలుకల్లా అందులోంచే పనికి వెళ్ళి అందులోంచే వచ్చేవాళ్ళు. వారాల తరబడి ఆకాశం చూసినవాడు లేడు. అప్పుడే మూన్‌కి జ్వరం వచ్చింది. మూడు రోజులు లేవలేదు. మూడోరోజు యిన్ పని నుంచి వచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని గిన్నెలో ఏదో నూరాడు. టీ ఆకు, నువ్వులు, వేరుశనగ గుళ్ళు, చిటికెడు ఉప్పు, అన్నీ కలిపి మెత్తగా నూరి, మరుగుతున్న నీళ్ళు పోసి, గిన్నె చేతికిచ్చాడు. చిక్కగా, వెచ్చగా, కమ్మగా ఉంది. మూన్ గడగడా తాగేశాడు. ప్రాణం లేచొచ్చింది.

"ఇదెక్కడ నేర్చుకున్నావురా?"

"మా అమ్మ చేసేదన్నా. ఒంట్లో బాగోకపోతే ఇదే."

మూన్ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. టీతో బతికేవాడు, టీ సంగతి అతనికి చెప్పాలా? మన ఊళ్ళలో ఎవ్వరూ టీ ఆకుని నూరరు. నూరేది హక్కా వాళ్ళు. ఎప్పుడో ఉత్తరం నుంచి వలసొచ్చి మన పొలాల పక్కనే ఊళ్ళు కట్టుకున్నవాళ్ళు. పదేళ్ళుగా వాళ్ళకీ మనకీ పోరు. వాళ్ళు మన ఊళ్ళు తగలబెట్టారు, మనం వాళ్ళ ఊళ్ళు తగలబెట్టాం. ఎవరు మొదలుపెట్టారంటే ఎవరి లెక్క వాళ్ళు చెబుతారు. మూన్ అన్నని పొలం గట్టు మీద నరికింది హక్కా వాళ్ళే. ఆ కబురు మోసుకొచ్చిన ఉత్తరం గ్యాంగులో చదువొచ్చినవాడు బయటికి చదువుతుంటే, మూన్ భుజం పట్టుకుని కూర్చున్నది ఈ యిన్నే.

అదీ మండింది మూన్‌కి. అన్న పోయాడని ఏడుస్తుంటే ఓదార్చిన చెయ్యి ఎవరి చెయ్యో తెలిశాక ఒళ్ళంతా కారం పూసినట్టయింది. తాగింది కక్కుకోవాలనిపించింది. కక్కలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు లేచి వండాడు. గిన్నెలన్నీ చెక్క పలక మీద వరసగా పెట్టి, యిన్ గిన్నె ఒక్కటే బోర్లించాడు. గిన్నె బోర్లిస్తే ఆ పొయ్యి మీద వాడికి అన్నం లేనట్టే. అందరూ చూస్తుండగా గరిటె యిన్ ముందు నుంచి దాటించేశాడు.

హామ్ తక్ మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది. "ఏంట్రా మూనూ, జ్వరం తలకెక్కిందా? వాడేం చేశాడు?"

"హక్కా వాడికి నేను వండను."

గుడిసెలో నమిలే చప్పుడు ఆగిపోయింది.

"నిజమేనా?" అని మేస్త్రి యిన్‌ని అడిగాడు.

"నిజమే."

"మరి చీటీ? ఊరు?"

"చీటీ లేదు. ఊరూ లేదు. ఊరు కాల్చేశారు. మా ఇంట్లో ఎవ్వరూ మిగల్లేదు. పని కావాలి కాబట్టి మీ ఊళ్ళలో ఒకదాని పేరు చెప్పాను." ఆ తర్వాత మూన్ వైపు తిరిగి, "జ్వరం తగ్గిందా అన్నా?" అన్నాడు.

మూన్ తర్వాతివాడి గిన్నె అందుకున్నాడు. జవాబు చెప్పి ఉంటే ఏమయ్యేదో!

కొట్టలేదు, తిట్టలేదు. కడ్డీ పట్టే చెయ్యి దొరకడం కష్టం కనక మేస్త్రి పనిలోంచి తియ్యనూలేదు. గుడిసెలో మాత్రం పడుకోవద్దన్నారు. వాలు కింద పనిముట్ల పాక ఉంటే అందులోకి పొమ్మన్నారు. యిన్ దుప్పటి చుట్టుకుని పోయాడు. వాడి అన్నం వాడే ఎలాగో ఉడకేసుకున్నాడు. సొరంగంలో టీ పోసేటప్పుడు మూన్ వాణ్ణి దాటి పోసేవాడు. అయిదు రోజులు అలా దాటాడు. ఆరో రోజు పొద్దున్న ఏమనిపించిందో, ఎవరూ చూడకుండా పలక మీద గిన్నెని తిప్పి సరిగ్గా పెట్టాడు. పిలవలేదు మాత్రం. అడగనిదే అమ్మైనా పెట్టదు, వాడే వచ్చి అడుగుతాడులే, అడిగితే పెడదాం అనుకున్నాడు. వాడికేం తెలుసు గిన్నె తిరిగిందని? గుడిసె గుమ్మం తొక్కొద్దన్నది వీళ్ళే కదా. ఆ రాత్రే, యిన్ పాకలో పడుకుని ఉండగా, వాలు మీంచి మంచు జారింది. పాక ఎక్కడుండేదో కూడా తెలియకుండా పోయింది. పళ్ళెం తోమినట్టు నున్నగా ఉంది ఆ చోటు.

మంచు కరిగి యిన్ బయటపడేసరికి జూన్ వచ్చింది. దుప్పటి చుట్టుకుని ముడుచుకుని ఉన్నాడు. మేస్త్రి పూట సెలవిచ్చాడు. మూన్ ఒక్కడే మోసుకెళ్ళి పూడ్చాడు. చదువొచ్చినవాడి చేత గుడ్డ మీద పేరు రాయించాడు. ఊరేమిటని వాడూ అడిగాడు. అబద్ధపు ఊరు రాయిస్తే చచ్చినవాడితో కూడా అబద్ధమాడించినట్టవుతుంది. నిజం రాయిద్దామంటే ఊరే లేదు. "పేరు చాలు" అన్నాడు.

అదంతా ఇప్పుడు చెట్టు కింద కూర్చుని లూయ్ పాక్‌కి చెప్పాడు, ఒక్క ముక్క దాచకుండా. లూయ్ పాక్ మనుషులిద్దరూ మొహమాటంగా దూరం వెళ్ళి పెట్టెలకి మేకులు కొట్టుకుంటున్నారు.

లూయ్ పాక్ అల్లం ముక్క ఉమ్మేశాడు.

"నా మేనల్లుళ్ళిద్దరు పోయారు ఆ గొడవల్లో," అన్నాడు. "అయినా చెబుతున్నా విను. ఇప్పటిదాకా నాలుగొందల మందిని తుడిచాను. ఎముకని చూసి వీడు మనవాడు, వీడు హక్కా అని ఒక్కసారీ చెప్పలేకపోయాను. తీసుకెళ్ళడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ అందుకునే మనిషేడయ్యా? రేవులో పెట్టె దింపుతారు, ఊరి పేరు పిలుస్తారు, ఒకడు ముందుకొచ్చి నావాడు అనాలి. అనేవాడు లేకపోతే ఆ పెట్టె గోదాంలో చెదలు పడుతుంది."

"హక్కా వాళ్ళ సంఘం..."

"అడిగావా?"

"పోయినేడు అందుకోసమే శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళాను. మా పుస్తకంలో ఆ పేరు లేదన్నారు. చందా నేను కడతానన్నాను. కట్టు సరే, ఎవరికి ఇవ్వాలి అన్నారు. వాళ్ళదీ ఇదే మాట."

"వాళ్ళ తప్పేం లేదు."

"వాళ్ళ తప్పని నేనన్నానా?"

"మరింకేం చేస్తాం? మళ్ళీ పూడ్చేద్దాం. నాలుగు అగరొత్తులు వెలిగించి పోదాం. పోయినవాడు అర్థం చేసుకుంటాడు."

అని లూయ్ పాక్ చద్దన్నం మూట విప్పుకున్నాడు. మూన్ తినలేదు. గుడ్డ మీద పరిచిన ఎముకల పక్కన కూర్చున్నాడు. కిందినుంచి రైలు ఒకటి కూతవేస్తూ వచ్చి సొరంగంలోకి పోయింది. కిటికీల్లో తెల్లవాళ్ళు, టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు. ఒకావిడ ఊరికే చెయ్యి ఊపింది. ఈ కొండ మీద యిన్ ఒక్కడే మిగులుతాడు. అందరూ వెళ్ళిపోతారు, నలుగురి పెట్టెలూ వెళతాయి, తానూ శరత్కాలంలో వెళతాడు. మళ్ళీ మంచు పడుతుంది. అప్పుడు కూడా వాణ్ణి గుమ్మం బయట ఉంచినట్టే. ఇంకోసారి అది చెయ్యడం మూన్ వల్ల కాలేదు.

జేబులోంచి చీటీ తీసి లూయ్ పాక్ ముందు పెట్టాడు.

"ఈ పేరు రాయండి."

లూయ్ పాక్ చదివాడు. నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. "ఇది నీ చీటీ."

"అవును. ఫాంగ్ మూన్. ఊరు అందులోనే ఉంది. అందుకునే మనిషి మా వదిన."

"పిచ్చి పట్టిందా నీకు? పేరు కొట్టేశాక శరత్కాలంలో రేవుకెళ్ళి ఏం చెబుతావు? నువ్వెవరంటే?"

"వెళ్ళను."

"చచ్చాక?"

"ఎవరో ఇంత మట్టి వేస్తారు."

"ఎవరో వేస్తారు! నువ్వే ఆకలిదయ్యమై తిరుగుతావురా వెధవా, ఈ కొండ మీద, ఈ చలిలో! తెలిసే మాట్లాడుతున్నావా?"

"గిన్నె బోర్లించింది నేను పాక్ గారూ. మేస్త్రి కాదు, కంపెనీ కాదు, మంచు కూడా కాదు. నేను. వాడికి అన్నం పెట్టే చోటొకటి నేనే చూపించాలి. నాకు తెలిసిన చోటు మా ఇల్లొక్కటే."

"మీ వదినకి ఉత్తరం రాసి అడగరాదూ? ఒప్పుకుంటుందేమో."

"మొగుణ్ణి నరికినవాళ్ళ మనిషి. ఆవిడ ఒప్పుకున్నా ఊరు ఒప్పుకుంటుందా? పెట్టె తీసుకెళ్ళి ఏట్లో పారేస్తారు. నా పేరుంటే ఎవరూ తెరిచి చూడరు."

"ఆవిడ ఏడుస్తుంది కదయ్యా! వస్తున్నావని గోడకి సున్నం కొట్టించుకుని కూర్చుంది అన్నావు."

మూన్ ఎముకల కింద గుడ్డ మడత సరిచేశాడు. "ఏడుస్తుంది," అన్నాడు. "ఆవిడకి అన్యాయమే చేస్తున్నాను. తెలుసు. ఆవిడకి ఏడవడానికి మనుషులున్నారు, పక్కన కొడుకున్నాడు. వీడికి ఒక్కరూ లేరు. ఇంతకన్నా నాకు లెక్క రాదు."

లూయ్ పాక్ కోపంగా లేచాడు, నాలుగడుగులు వేశాడు, మళ్ళీ వచ్చాడు. "పాపం నా నెత్తిన వేస్తున్నావు," అని గొణిగాడు. "ఇంకెప్పుడూ ఆవిడకి ఉత్తరం రాయకూడదు, తెలుసా? చచ్చినవాడి ఉత్తరం వస్తే ఆ ఇంట్లో గుండెలాగి పోతారు. నీ ఊరివాడెవడైనా వీధిలో కనపడితే తలుపేసుకోవాలి. ఇంకోసారి అడుగుతున్నాను. రాయమంటావా?"

"రాయండి."

కుంచె తీసి, సిరా నూరి, పెట్టె మూత మీద రాశాడు. ఫాంగ్ మూన్. కింద ఊరి పేరు. మూన్‌కి చదువు రాదు గానీ తన పేరు మాత్రం గుర్తుపట్టగలడు. అది పెట్టె మీద ఆరుతుంటే చూశాడు. చీటీ మీద వేలిముద్ర కూడా వేశాక ఇంక వెనక్కి తీసుకునేదేం లేదు.

ఎముకలు మాత్రం తానే సర్దాడు. ముందు కాళ్ళవి, ఆ తర్వాత నడుమువి, పైన తల. గుడ్డ కప్పాడు. మూతకి మేకులు కొట్టించాడు.

సముద్రం వైపు వెళ్ళే బండి సాయంత్రం శిఖరం స్టేషన్లో ఆగుతుంది. అయిదు పెట్టెలూ సామాన్ల బోగీలో ఎక్కించారు. బండి నీళ్ళు పట్టుకునేదాకా సమయముంది. మూన్ కూడా లోపలికెక్కి తన పేరున్న పెట్టె పక్కన చతికిలబడ్డాడు. సామాను చూసే తెల్లవాడు ఒకసారి చూసి, పోనీలే అనుకున్నాడేమో, చుట్ట కాల్చుకోవడానికి దిగిపోయాడు. మూన్ పెట్టె మీద చెయ్యి వేసి, పక్కన పడుకున్నవాడితో చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్, సరిగ్గా విను. రేవు నుంచి పడవలో తీసుకెళతారు. ఊరు చిన్నదే. కొండ వాలున మా వాళ్ళ సమాధులు. నీ పక్కన మా అన్నయ్య ఉంటాడు. కోపిష్టి మనిషి. నువ్వెవరో ఆయనకి తెలిసిపోతుంది, ఆయన దగ్గర దాచలేవు. ఒకటి రెండేళ్ళు మొహం తిప్పుకుంటాడు. ఓపిక పట్టు. నువ్వు ముందు మాట్లాడు, ఆయన మాట్లాడడు. మా వంశంలోనే ఉంది ఆ రోగం.

"వసంతంలో అందరూ వస్తారు. కోడి, అన్నం, సారా తెస్తారు. మూనూ రా, తిను అని పిలుస్తారు. అది నిన్నే. బిక్కమొహం వేసుకుని వెనక నిలబడకు, వెళ్ళి కూర్చో. వదిన చేతికి ఉప్పెక్కువ. తిను, వంకలు పెట్టకు. ఆవిడ మొదటి ఏడు బాగా ఏడుస్తుంది. ఆ ఏడుపు నాది, నువ్వు మనసులో పెట్టుకోకు. ఆ అన్నం నీదే. నేను పెట్టిందనుకో."

ఇంకా ఏదో చెప్పబోతుంటే తెల్లవాడు వచ్చి భుజం తట్టి దిగమన్నాడు. దిగాడు. లూయ్ పాక్ తలుపులో నిలబడి రెండు చేతులూ జోడించి వంగాడు. బతికున్నవాడికి అలా వంగడు ఆ మనిషి. మూన్ కూడా వంగాడు.

బండి కదిలింది. చక్రాలు మెల్లగా తిరుగుతుంటే మూన్ పక్కనే నడిచాడు. అంతా చెప్పానా అని మనసులో ఒకసారి చూసుకున్నాడు. అన్నయ్య సంగతి చెప్పాడు, పేరు సంగతి చెప్పాడు, ఉప్పు సంగతి చెప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఆవిణ్ణి ఏమని పిలవాలో చెప్పనే లేదు! ఆవిడా ముసలిదైంది, ఆవిడా ఒకరోజు ఆ వాలు మీదికే వస్తుంది. వచ్చి పక్కన పడుకుంటే వీడు ఏమనాలి? అమ్మా అంటే కాదు, ఏవండీ అంటే పరాయివాడని పట్టేస్తుంది.

"పాక్ గారూ!" అని అరిచాడు. బండి చప్పుడులో ఆయనకి వినపడలేదు. తలుపు మూసేశారు. మూన్ పరుగెత్తాడు. యాభయ్యేళ్ళ మనిషి, కంకర మీద తూలుతూ, చెక్క గోడని అరచేత్తో బాదుతూ పరుగెత్తాడు. "యిన్! ఒరేయ్ యిన్! వదినా అనాలిరా! వదినా అని పిలువు! వింటున్నావా, వదినా!"

కిటికీలోంచి ఎవరో నవ్వారు. బండి వేగం అందుకుంది. చెయ్యి కింద చెక్క జారిపోయింది. చివరి బోగీ మంచు ఆపడానికి కట్టిన చెక్క కప్పు కిందికి దూరిపోయి, పొగ మాత్రం పట్టాల మీద మిగిలింది.

మూన్ పట్టాల మధ్య నిలబడి రొప్పుతూ ఇంకోసారి అన్నాడు ఆ మాట. అరవలేదు ఈసారి. మామూలుగా, ఇంట్లోకొచ్చి చెప్పులు విప్పుతూ పిలిచినట్టు పిలిచాడు. "వదినా," అన్నాడు. ఆ పిలుపు ఇంక వాడిది. కాసేపటికి వెనక్కి తిరిగి, ట్రకీ వైపు కిందికి నడవడం మొదలుపెట్టాడు.